మూడు–ఒకటి నుంచి ఓటమి దాకా



2023 జనవరి 22, ఆదివారం రాత్రి. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పురుషుల హాకీ ప్రపంచకప్ క్రాస్‌ఓవర్ మ్యాచ్ జరుగుతోంది. గెలిస్తే క్వార్టర్ ఫైనల్. ఓడితే తొమ్మిదో స్థానం కోసమో పదమూడో స్థానం కోసమో ఆడుకోవాలి. ర్యాంకుల్లో ఇండియాది ఆరో స్థానం, న్యూజిలాండ్‌ది పన్నెండు. 17వ నిమిషంలో లలిత్ ఉపాధ్యాయ్, 24వ నిమిషంలో సుఖ్‌జీత్ సింగ్ గోల్స్ కొట్టారు. 28లో న్యూజిలాండ్ ఆటగాడు శామ్ లేన్ ఒకటి తిరగ్గొట్టాడు. 40లో వరుణ్ కుమార్ మూడోది కొట్టేసరికి స్కోరు 3–1 అయింది. ఇంకా 20 నిమిషాల ఆట మిగిలింది. గ్యాలరీల్లో పండగే. 43వ నిమిషంలో కేన్ రస్సెల్, 49లో షాన్ ఫిండ్లే కొట్టిన గోల్స్‌తో ఆ పండగ చల్లబడింది. ఆట 3–3 దగ్గర ముగిసింది. షూటౌట్‌లో ఇండియా 4–5తో ఓడింది.

ఆ రాత్రి మొదలైన పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. ఓడించినవాడు ఎవడు?

తాడిపత్రి పక్కనున్న యాడికి లాంటి ఊళ్లో ఇట్లాంటి పంచాయితీలు ఎక్కువగా క్రికెట్ మీదనే నడుస్తాయి. మగ్గం గుంతలో కూర్చున్న నేతగాడికీ, సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చినవాడికీ, వాన కోసం ఆకాశం చూసే వేరుశనగ రైతుకూ ఎవరి తీర్పు వాళ్లకుంటుంది. ‘ఏమప్పా, మూడు–ఒకటితో ముందుండి ఎట్ల ఓడిపోయిరి?’ అని ఒకరు ఎత్తుకుంటే, ‘ఆ కడాకు కొట్టినోడు తప్పె, వానిదే తప్పు’ అని ఇంకొకరు తేల్చేస్తారు. ఆట మారినా మాట మారదు. హాకీ మీద భువనేశ్వర్‌లోనూ జలంధర్‌లోనూ రాంచీలోనూ జరిగే వాదన కూడా ఇదే బాటలో పోతుంది. ముందు చివరి తప్పు చేసినవాణ్ణి పట్టుకుంటారు. తర్వాత కెప్టెన్, ఆ తర్వాత కోచ్. తొలి నలభై నిమిషాల సంగతి ఎత్తేవాడు సభలో ఆఖరున మాట్లాడతాడు, అప్పటికి సగంమంది లేచిపోయి ఉంటారు.

షూటౌట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పుకోవాలి. గోల్‌కు 23 మీటర్ల దూరంలో గీత మీద ఒక ఆటగాడు బంతితో నిలబడతాడు, ఎదురుగా గోల్‌కీపర్. ఈల ఊదగానే ఎనిమిది సెకన్లు. ఆ ఎనిమిది సెకన్లలో కీపర్‌ను ఎట్లా దాటించినా సరే, బంతి గోల్‌లో పడాలి. రెండు జట్లకూ ఐదేసి అవకాశాలు. అప్పటికీ సమానమైతే ఒక్కొక్కటిగా ఇచ్చుకుంటూ పోతారు, ఒక జట్టు కొట్టి ఇంకొకటి తప్పిన చోట ఆట ఆగిపోతుంది. పూర్వం అదనపు సమయం ఆడించేవాళ్లు, తర్వాత పెనాల్టీ స్ట్రోకులు. ఇప్పుడు పెద్ద టోర్నీల్లో 60 నిమిషాలు అయిపోగానే నేరుగా షూటౌటే. జట్టంతా గంటసేపు కలిసి ఆడిన ఆట ఒక్కడి మెడకు చుట్టుకునేది ఇక్కడే.

భువనేశ్వర్‌లో ఆ మెడ శంషేర్ సింగ్‌ది. ఐదేసి అవకాశాల్లో తేలక, ఒక్కొక్కటిగా సాగిన పోరులో అతని ప్రయత్నం గోల్ కాకపోవడంతో కథ ముగిసింది. అంతకుముందు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌కూ అవకాశం తప్పింది, అభిషేక్‌కూ తప్పింది. కీపర్ శ్రీజేష్ వరసగా బంతులు ఆపి జట్టును నిలబెట్టాడు. ఆ ఊపులోనే మోకాలికి దెబ్బ తగిలి బయటికి పోవాల్సి వచ్చింది. అతని చోట కృష్ణ పాఠక్ దిగాడు. షూటౌట్ నడుమ ఉన్నట్టుండి ఎనిమిది సెకన్ల పోరులోకి రావడం కీపర్‌కు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయినా మరుసటి రోజు ‘శ్రీజేష్ ఉండివుంటే’ అనే మాట పాఠక్ చెవిన పడకుండా ఉండదు కదా.

పెళ్లిలో పప్పు మాడితే వడ్డించినవాణ్ణి తిట్టినట్టుంటుంది ఈ వరస. పొయ్యి దగ్గర ఏం జరిగిందో చూడాలంటే పెనాల్టీ కార్నర్ల దగ్గరికి పోవాలి. గోల్ ముందున్న అర్ధచంద్రాకారపు గీత లోపల రక్షకులు తప్పు చేస్తే ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే కాపలా ఉంటారు, మిగతావాళ్లు సగం మైదానం అవతలికి పోయి నిలబడాలి. ఇంతకంటే మంచి అవకాశం హాకీలో అరుదు. ఆ రాత్రి ఇండియాకు ఇట్లాంటివి పది వచ్చాయి. గోల్ అయినవి రెండు. న్యూజిలాండ్‌ను మళ్లీ ఆటలోకి తెచ్చిన రెండు గోల్స్ మాత్రం పెనాల్టీ కార్నర్ల మీదనే వచ్చాయి. టోక్యో ఒలింపిక్స్‌లో ఆరు గోల్స్ కొట్టిన హర్మన్‌ప్రీత్, బంతిని కర్రతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్కులు ఆ టోర్నీ అంతటా మొద్దుబారాయి. పదిలో ఇంకొక్కటి పడివుంటే శంషేర్ అనే పేరు ఆ రాత్రి ఎవరి నోటా వచ్చేది కాదు.

ఇంకా వెనక్కి పోతే లెక్క మరింత ఆసక్తిగా ఉంటుంది. అసలు ఇండియా ఆ క్రాస్‌ఓవర్ ఎందుకు ఆడాల్సి వచ్చింది? గ్రూపులో ఇండియా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. జనవరి 13న రూర్కెలాలో స్పెయిన్‌ను 2–0తో గెలిచింది. 15న ఇంగ్లండ్‌తో 0–0. 19న భువనేశ్వర్‌లో వేల్స్ మీద 4–2. ఇంగ్లండ్‌కూ ఇన్నే పాయింట్లు. గోల్స్ తేడాలో మాత్రం ఇంగ్లండ్‌ది 9, ఇండియాది 4. గ్రూపులో మొదటివాళ్లకు నేరుగా క్వార్టర్ ఫైనల్, రెండోవాళ్లకు క్రాస్‌ఓవర్. వేల్స్ మ్యాచ్ మొదలయ్యేసరికి ఇండియా ఎనిమిది గోల్స్ తేడాతో గెలిస్తేనే మొదటి స్థానం దక్కుతుందని తేలిపోయింది. ప్రపంచకప్‌లో తొలిసారి అడుగుపెట్టిన వేల్స్ దానికి ఎదురు రెండు గోల్స్ కొట్టింది. పైగా ఇంగ్లండ్ మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్‌కు తొడ వెనక కండరం పట్టేసింది. మళ్లీ ఆ టోర్నీలో అతను ఆడలేదు. స్పెయిన్ మ్యాచ్‌లో గోల్ కొట్టినవాడు, జట్టు మధ్యభాగాన్ని కదిలించేవాడు అతనే. 3–1 ఆధిక్యం చేతిలో ఉన్నప్పుడు బంతిని కాపాడుకోవడానికి అట్లాంటివాడే కావాలి.

అందుకే షూటౌట్‌ను పట్టుకుని వేలాడే వాదన అరకొర వాదన. ఆట చివర్లో ఏం జరిగిందో అందరికీ కనిపిస్తుంది, మొదట్లో ఏం జారిపోయిందో స్కోరు పుస్తకం తిరగేస్తే గాని కనిపించదు.

కోచ్ గ్రాహం రీడ్ మాత్రం తప్పించుకునే దారి చూసుకోలేదు. ఆ తర్వాత ఇండియా జపాన్‌ను 8–0తో, దక్షిణాఫ్రికాను 5–2తో చిత్తు చేసి అర్జెంటీనాతో కలిసి తొమ్మిదో స్థానంలో నిలిచింది. రీడ్ జనవరి 30న రాజీనామా చేశాడు. అంతకు ఏడాదిన్నర ముందు టోక్యోలో 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం తెచ్చిపెట్టిన కోచ్ అతనే. ఓడిన రాత్రే అతను జట్టుకు మానసిక శిక్షకుడు కావాలన్నాడు. అప్పుడు అది సాకుగా వినిపించింది. కొన్ని నెలలకే హాకీ ఇండియా ప్యాడీ అప్టన్‌ను అదే పనికి తెచ్చుకుంది. కోచ్ పోయాడు, అతని సలహా మిగిలింది.

ఇదంతా టీవీ, ఫోన్ల కాలపు మాట. రేడియో కాలంలో ఓటమికి బాధ్యుణ్ణి వెతకడం ఇంకో రకంగా ఉండేది. మళ్లీ చూపించే రిప్లే లేదు. వ్యాఖ్యాత గొంతులో ఏం వినబడితే అదే సాక్ష్యం. జస్‌దేవ్ సింగ్ హాకీ వ్యాఖ్యానం వినడానికి ట్రాన్సిస్టర్ చుట్టూ మూగిన తరం ఇంకా ఉంది. ఆ తరానికి గుర్తుండే పెద్ద గాయం 1973 ప్రపంచకప్ ఫైనల్. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వేన్‌లో ఆతిథ్య జట్టుతో ఆట. సుర్జీత్ సింగ్ మొదట్లోనే రెండు గోల్స్ కొట్టేశాడు. 2–0 ఆధిక్యం. డచ్ ఆటగాడు టీస్ క్రౌజె పెనాల్టీ కార్నర్లతో రెండూ సమం చేశాడు. అదనపు సమయంలో ఇండియాకు పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది. అది పడితే ప్రపంచకప్ ఇండియాదే. కొట్టడానికి వచ్చినవాడు బి.పి. గోవింద, కర్ణాటకలోని కొడగువాడు. పడలేదు. ఆఖరికి స్ట్రోకుల మీద నెదర్లాండ్స్ 4–2తో కప్పు ఎత్తుకుపోయింది.

గోవింద తప్పిన ఆ ఒక్క స్ట్రోకు యాభై ఏళ్లయినా జనం మరిచిపోలేదు. రెండు గోల్స్ ఆధిక్యం ఎవరెవరు కలిసి పోగొట్టారో అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. న్యూజిలాండ్ మ్యాచ్‌లోనూ కథ ఇదే కదా: రెండు గోల్స్ ముందుండి, పెనాల్టీ కార్నర్ల మీద సమం చేయించుకుని, ఆఖరి కొట్టుడు దగ్గర ఓడడం.

గోవిందను జట్టు వదులుకోలేదు. 1975లో కౌలాలంపూర్‌లో కప్పు గెలిచిన జట్టులో అతనున్నాడు. ఆ సెమీఫైనల్లో మలేషియా 2–1తో ముందుండగా అస్లాం షేర్ ఖాన్‌ను బెంచీ మీది నుంచి పిలిచారు. మెడలో తాయెత్తు ముద్దుపెట్టుకుని పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మలిచాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గెలిపించాడు. ఫైనల్లో పాకిస్తాన్ మీద 2–1. అశోక్ కుమార్ కొట్టిన గోల్ అసలు గోలే కాదని పాకిస్తాన్ వాదించింది. అక్కడివాళ్ల పంచాయితీలో ముద్దాయి అంపైర్ అన్నమాట. ఓడినవాళ్ల ఊరు మారితే ముద్దాయి కూడా మారతాడు.

ఈ నిందల చరిత్రలో అందరికంటే ఎక్కువ మోసినవాడు మీర్ రంజన్ నేగి. 1982 డిసెంబర్ 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్. ఇండియా 1, పాకిస్తాన్ 7. గోల్‌కీపర్ నేగి. ఏడు గోల్స్ పడ్డాయంటే ముందున్న రక్షణ వరస ఏడుసార్లు తెగిందని ఎవరికైనా తెలియాలి. జనం మాత్రం కీపర్ డబ్బు తీసుకున్నాడన్నారు, దేశద్రోహి అన్నారు. మళ్లీ దేశం కోసం ఆడే అవకాశం అతనికి రాలేదు. పదహారేళ్ల తర్వాత 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా స్వర్ణం గెలిచినప్పుడు గోల్‌కీపింగ్ కోచ్ నేగియే. 2002లో మాంచెస్టర్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన మహిళల జట్టుతోనూ ఉన్నాడు. 2007లో వచ్చిన ‘చక్ దే ఇండియా’ సినిమాకు నటులకు హాకీ నేర్పింది అతనే. అప్పుడు గాని దేశం అతని కథ పూర్తిగా వినలేదు.

కెనడాలో ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ ఇంకో దారి చూపింది. 1986 ప్లేఆఫ్స్‌లో కాల్గరీతో ఆఖరి మ్యాచ్‌లో స్టీవ్ స్మిత్ అనే కుర్రాడు పాస్ ఇవ్వబోతే అది తన గోల్‌కీపర్ కాలికి తగిలి సొంత గోల్ అయింది. అది అతని 23వ పుట్టినరోజు. జట్టు ఇంటిముఖం పట్టింది. మరుసటి ఏడాది అదే జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. కప్పు అందుకున్న కెప్టెన్ వేన్ గ్రెట్జ్‌కీ దాన్ని మొదట స్మిత్ చేతికే ఇచ్చాడు.

ఇండియాలో నింద ఆటగాడి ఇంటిదాకా పోతుంది, ఒక్కోసారి కులందాకా పోతుంది. 2021 ఆగస్టు 4న టోక్యో సెమీఫైనల్లో మహిళల జట్టు అర్జెంటీనా చేతిలో 1–2తో ఓడింది. అదే రోజు హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, దళితులు ఎక్కువగా ఉండబట్టే జట్టు ఓడిందని బూతులు తిట్టారు. కేసు నమోదైంది, అరెస్టులూ జరిగాయి. నాలుగు రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారతీయ మహిళ అయింది ఆ వందనే. ఆమె హ్యాట్రిక్ లేకుంటే జట్టు ఆ సెమీఫైనల్ దాకా వచ్చేదే కాదు. ఆ వీధిలో టపాకాయలు కాల్చినవాళ్లకు హాకీ ఒక వంక, అంతే.

మహిళల హాకీలో తెలుగువాళ్లకు దగ్గరి పేరు రజని. ఎతిమరపు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి, గోల్‌కీపర్. 36 ఏళ్ల తర్వాత భారత మహిళలు ఒలింపిక్స్‌కు పోయిన 2016 రియో జట్టుకు రిజర్వు కీపర్‌గా ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ జట్టులో సవితా పునియాకు తోడు రెండో కీపర్ ఆమే. ఆ క్రీడల సెమీఫైనల్ గురించి తలచుకుంటే హాకీ అభిమానులకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆగస్టు 5న ఆస్ట్రేలియాతో 1–1, షూటౌట్. ఆస్ట్రేలియా తరఫున మొదట వచ్చిన రోజీ మలోన్‌ను సవిత ఆపింది. తీరా చూస్తే గడియారం నడవనే లేదట! మళ్లీ కొట్టమన్నారు. ఈసారి గోల్. ఇండియా 0–3తో ఓడింది. అంతర్జాతీయ సమాఖ్య క్షమాపణ చెప్పింది. మొదటి ఆపుడు లెక్కలోకి వచ్చివుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు గాని, ఆ తర్వాత వచ్చిన భారత ఆటగాళ్లలో ఒక్కరూ గోల్ కొట్టలేదన్నది కూడా నిజమే. గడియారాన్ని తిట్టేవాళ్లు ఈ రెండో సగం మింగేస్తారు. రెండు రోజుల తర్వాత కాంస్య పోరులో ఇదే జట్టు న్యూజిలాండ్‌ను షూటౌట్‌లోనే 2–1తో గెలిచింది.

2024 జనవరిలో మహిళలకు ఇంకో దెబ్బ. రాంచీ ఒలింపిక్ అర్హత టోర్నీ సెమీఫైనల్లో జర్మనీతో 2–2. మళ్లీ షూటౌట్, 3–4. మరుసటి రోజు జనవరి 19న మూడో స్థానం కోసం జపాన్‌తో ఆట. ఆరో నిమిషంలో పడిన ఒక్క గోల్‌తో 0–1. పారిస్ ఒలింపిక్స్ దారి మూసుకుపోయింది. ఇక్కడా పెనాల్టీ కార్నర్లు వచ్చినన్ని వచ్చి గోల్ లేకుండా పోయాయి. వారం తిరక్కుండానే కోచ్ యానికే స్కాప్‌మన్ పేరు పత్రికల్లో నలగడం మొదలైంది, ఫిబ్రవరిలో ఆమె తప్పుకుంది. అదే జనవరి చివర్లో ఒమన్ రాజధాని మస్కట్‌లో ఐదుగురు ఆడే హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగింది. భారత మహిళలకు కెప్టెన్ మన రజని. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2–7తో ఓడి రజతం తెచ్చారు. రాంచీ గొడవలో ఆ రజతాన్ని తెలుగునాట కూడా పట్టించుకున్నవాళ్లు తక్కువే.

హైదరాబాద్ ఆటగాడు ముకేష్ కుమార్‌కూ చేతికందిన గెలుపు జారిపోయిన అనుభవం ఉంది. 1992, 1996, 2000 ఒలింపిక్స్ మూడింటా ఆడినవాడు. సిడ్నీలో పోలండ్ మీద గెలిస్తే సెమీఫైనల్ ఖాయమయ్యే మ్యాచ్‌లో ఇండియా 1–0తో ముందుంది. ఆట ఇంకా రెండు నిమిషాలు కూడా లేదనగా పోలండ్ సమం చేసింది. జట్టు చివరికి ఏడో స్థానంతో తిరిగొచ్చింది. చివరి నిమిషాల్లో గోల్ ఇచ్చే జబ్బు అని ఆ రోజుల్లో పత్రికలు రాసిందే రాశాయి.

ఇంతమంది మనుషుల్ని బోనులో నిలబెట్టాక, మనిషి కాని ముద్దాయి ఒకటి మిగిలింది. అది టర్ఫ్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని కృత్రిమ గడ్డి మీద ఆడించారు. 1928 నుంచి ప్రతిసారీ పతకం తెచ్చిన ఇండియా ఆసారి ఏడో స్థానంలో పడింది. మట్టి మీద, గడ్డి మీద నేర్చుకున్న మణికట్టు మాయ ఆ నున్నటి తివాచీ మీద పనికిరాలేదని పెద్దలు దశాబ్దాలపాటు చెప్పారు. ఈ వాదనలో నిజం ఉంది. అనంతపురం జిల్లావాళ్లకు అది ఇంకాస్త బాగా అర్థమవుతుంది. నీటి ఆధారిత టర్ఫ్ మీద ప్రతి మ్యాచ్‌కు ముందు వేల లీటర్ల నీళ్లు చల్లాలి, లేకుంటే బంతి సరిగా జారదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా ఇది. బోరు ఎండితే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లో ఆటస్థలాన్ని తడపమంటే ఎవరు ఒప్పుకుంటారు? విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ అనంతపురంలో పల్లె పిల్లలకు హాకీ కర్రలు చేతికిచ్చి నేర్పిస్తోంది. అందులో యాడికి మండలం లాంటి చోట్ల పుట్టిన పిల్లలు రేపు జాతీయ జట్టు దాకా పోవాలంటే మట్టి మీద మొదలుపెట్టి, తడి టర్ఫ్ మీదికి మారాల్సిందే. పారిస్ ఒలింపిక్స్‌లో తక్కువ నీటితో నడిచే టర్ఫ్ వేశారు. కరవు సీమకు ఇదొక మంచి కబురే. అయితే 2023లో కళింగ స్టేడియంలో పది పెనాల్టీ కార్నర్లలో ఎనిమిది వృథా కావడానికి టర్ఫ్‌ను తిట్టి లాభం లేదు. అది ఇండియా ఎన్నోసార్లు ఆడిన మైదానమే.

ఆ ఎనిమిది సెకన్ల పోరు మళ్లీ 2024 ఆగస్టు 4న పారిస్‌లో ఎదురైంది. క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 43 నిమిషాలూ ఇండియా పదిమందితోనే ఆడింది. 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ గోల్, 27లో లీ మోర్టన్ సమం చేశాడు. 1–1. షూటౌట్‌లో శ్రీజేష్ గోడలా నిలబడ్డాడు, ఇండియా 4–2తో గెలిచింది. భువనేశ్వర్‌లో తప్పినవాళ్లు కొందరు ఈ జట్టులోనూ ఉన్నారు. హర్మన్‌ప్రీత్ ఆ ఒలింపిక్స్‌లో పది గోల్స్ కొట్టి అందరికంటే పైన నిలిచాడు. డ్రాగ్ ఫ్లిక్కు అదే, చేతులూ అవే.

రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం పడింది, అప్పీలు చెల్లలేదు. సెమీఫైనల్లో జర్మనీ చేతిలో ఇండియా 2–3తో ఓడింది, గెలుపు గోల్ 54వ నిమిషంలో పడింది. వెంటనే కొత్త పంచాయితీ మొదలైంది: పెనాల్టీ కార్నర్లకు ఎదురు పరిగెత్తడంలో ఆరితేరిన రోహిదాస్ ఉంటే గెలిచేదా, కార్డు ఇచ్చిన అంపైరుదా తప్పు, ఎదుటివాడి మొహానికి కర్ర తగలనిచ్చిన రోహిదాస్‌దా? స్పెయిన్ మీద 2–1తో కాంస్యం వచ్చి, శ్రీజేష్ ఆటకు వీడ్కోలు చెప్పేసరికి ఆ గొడవ కాస్త సర్దుమణిగింది.

2025 సెప్టెంబర్‌లో రాజ్‌గీర్‌లో కొరియాను 4–1తో ఓడించి ఆసియా కప్ గెలిచిన భారత పురుషుల జట్టు దాంతోపాటే 2026 ప్రపంచకప్‌కు అర్హత తెచ్చుకుంది. దానికి వేదికలు రెండు: బెల్జియంలోని వావ్రే, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వేన్.